జోగ్జా లుంగీ

మా రాయచోటి వైపు వాళ్లు కువైట్ నుంచి ఎక్కడికైనా పోతే రెండే చోట్లకు పోతారు. ఒకటి సొంత ఊరు, రెండు మక్కాకు ఉమ్రా యాత్ర. హిందువులైతే ఆ రెండోదీ లేదు. అట్లాంటిది మా సంజీవమ్మ జావా దీవిలో ఉన్న యోగ్యకర్త అనే ఊరికి పోయి, మూడు రోజులుండి, రాజుగారి కోట కూడా చూసి వచ్చింది. కాగితాల మీద యోగ్యకర్త గానీ అక్కడి వాళ్ల నోట్లో అది జోగ్జా. ఆ పేరు మేం పనిచేసే ఇంట్లో ఇరవై ఏళ్ల కిందటే వినబడింది, అప్పుడు నేను నవ్వాను.

నా పేరు హుస్సేన్ వలి. కువైట్‌లోని అబూ హలీఫాలో సముద్రానికి రెండు వీధుల ఇవతల ఒక కువైటీ కుటుంబానికి డ్రైవరును. సంజీవమ్మది అదే ఇంట్లో వంట, పిల్లలు. నాకు కోపం ఎక్కువని ఇంటిల్లిపాదీ అంటారు. ఈ రోడ్ల మీద ఇరవై ఏళ్లు బండి నడిపిన వాడికి కోపం కాక శాంతమెట్లా వస్తుంది? అయితే ఈ సంగతిలో నా కోపం వేరే ఎవరి మీదా కాదు, నా మీదే. ఎందుకో చెప్తాను.

సంజీవమ్మది లక్కిరెడ్డిపల్లె దగ్గర ఒక చిన్న పల్లె. మొగుడు సిద్ధయ్య గొర్రెలు కాస్తాడు. ఒక్క కూతురు కళావతి. ఇరవై ఒక్క ఏళ్ల కిందట ఈ ఇంట్లో కాలు పెట్టింది. మనిషి పొడుగు, మాట తక్కువ, పని ఎక్కువ. ఇన్నేళ్లలో ఆమె తనకోసమని ఒక గాజుల జత కొనుక్కోగా నేను చూడలేదు. ఇదేదో గొప్పతనమని నేను చెప్పడం లేదు. మా ఆడవాళ్లందరికీ ఉన్న జబ్బే ఇది.

ఆ జబ్బుకు ఒక అట్టపెట్టె ఉంటుంది. కువైట్‌లో మా వాళ్ల గదుల్లో దేవుడి పటం లేకపోయినా మంచం కింద అట్టపెట్టె మాత్రం ఉండి తీరుతుంది. పాలపొడి డబ్బాలు, సబ్బులు, మామా సగం వాడి వదిలేసిన సెంటు సీసా, పిల్లలు రెండుసార్లు తొడిగి విసుగుపడ్డ బూట్లు, పండక్కి ఇచ్చిన దుప్పటి, ఏది చేతికొచ్చినా అందులో పడాల్సిందే. మామా అంటే ఇంటి యజమానురాలు, పనిచేసే ఆడవాళ్లంతా అలాగే పిలుస్తారు. పెట్టె నిండగానే కార్గో వాడికి ఫోను, తర్వాత నెల రోజులకు ఊర్లో పంపకాలు. పెట్టెలో పడిన వస్తువు మళ్లీ బయటికి తీసి 'ఇది నాకుండనీ' అన్న ఆడమనిషిని నేను ఎరగను.

సంజీవమ్మ వచ్చేనాటికి ఆ ఇంట్లో సుమియాతి అని ఒకామె అప్పటికే ఆరేళ్లుగా పనిచేస్తోంది. ఆమెది జోగ్జా పక్కన గిరిలోయో అనే పల్లె. పొట్టిగా, గుండ్రంగా, ఎప్పుడూ నవ్వే మొహం. వీళ్లిద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. వంటింట్లో వాడే నాలుగు అరబ్బీ ముక్కలు, రెండు చేతులు, ఇవే వాళ్ల భాష. దాంతోనే అన్నం ఎట్లా వార్చాలో, మామా కోపం ఎప్పుడు నిజమో ఎప్పుడు ఉత్తదో, ఆ ఇంటి ఐదేళ్ల పిల్లాడు ఫహద్‌ను ఎట్లా నిద్రపుచ్చాలో అన్నీ సుమియాతి నేర్పింది.

వీళ్లిద్దరూ అక్కచెల్లెళ్లయింది మాత్రం సంజీవమ్మ తల్లి చనిపోయినప్పుడు. రంజాను నెల, ఇంటినిండా చుట్టాలు, రోజుకు అరవై మందికి వంట. అంతకు ముందే సంజీవమ్మ సెలవుకు పోయి వచ్చి నాలుగు నెలలైంది. ఇప్పుడు పంపడం కుదరదని మామా చెప్పేసింది. సంజీవమ్మ ఏడవలేదు, ఉల్లిగడ్డలు తరుగుతూ నిలబడింది. సుమియాతి ఆమె చేతిలో కత్తి లాక్కుని, "ఖలాస్ సంజీ, రూహీ నామీ," అంది. చాలు, పోయి పడుకో అని. పది రోజులు ఇద్దరి పనీ ఆమె ఒక్కతే చేసింది, ఉపవాసాలుంటూ. మామాకు ఈ సంగతి తెలియనివ్వలేదు. నాకు తెలుసు, ఎందుకంటే కూరగాయల బస్తాలు మోసింది నేనే.

సుమియాతి నోరు తెరిస్తే జోగ్జా. మా ఊర్లో ఇప్పటికీ రాజు ఉన్నాడు, కోటలో కాపురముంటాడు అనేది. మా ఊరి వెనక కొండ పొగ విడుస్తుంది అనేది. మా వీధిలో గుర్రపుబళ్లు తిరుగుతాయి, మా వాళ్లు వెండి చెక్కుతారు, మా అమ్మ గుడ్డ మీద పూలు గీస్తుంది అనేది. ఫహద్ ఆమె ఒళ్లో పడుకుని ఇవన్నీ కథల్లా వినేవాడు. నేను మాత్రం, "అక్కా, ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని మాలో ఒక సామెత ఉంది," అని వచ్చిన అరబ్బీలో చెప్పి నవ్వేవాణ్ని. ఇంటి పనికి వచ్చిన వాళ్లందరికీ ఊర్లో రాజభవనాలే అని వెక్కిరించాను. ఆమె కూడా నవ్వేది. ఒక్కసారి కూడా కోపం తెచ్చుకోలేదు.

ఎనిమిదేళ్ల కిందట సుమియాతి పని చాలించుకుని ఊరికి వెళ్లిపోయింది. వెళ్లే ముందు రోజు తన పెట్టె అడుగు నుంచి ఒక గుడ్డ తీసి రెండు చేతుల్లో పెట్టుకుని సంజీవమ్మకు ఇచ్చింది. నల్లటి గుడ్డ, దాని మీద గోధుమ రంగులో సన్నసన్న నక్షత్రాల్లాంటి పూలు, లెక్కపెట్టలేనన్ని. మా అమ్మ చేసింది, నీకు, అని వచ్చిన అరబ్బీలో చెప్పింది. సంజీవమ్మ కళ్లకద్దుకుని తీసుకుంది.

ఆ వారమే నా దగ్గరికి తెచ్చి, "హుసేనన్నా, ఇదేందో చూడు. చీరంత పొడుగు లేదు, తువాలంత పొట్టీ లేదు," అంది.

నేను పట్టుకుని చూశాను. మా రాయచోటిలో సాయిబులు పూల కైలీలు కడతారు. ఆ విషయంలో నాకంటే తెలిసిన వాడెవడు? "ఇది లుంగీ మ్మే," అన్నాను. "మంచి సరుకు, రంగు పోదు. సిద్ధయ్య పొడుగు మనిషి, బాగుంటుంది."

"వాళ్లమ్మ చేసిందంట కదన్నా."

"చేసిందంటే అంచులు కుట్టింటాదిలే. పెట్టెలో ఏయ్."

వేసింది. టేపు అంటించింది కూడా నేనే. రెండు నెలలకు సిద్ధయ్య గొర్రెల దొడ్డి దగ్గర ఆ గుడ్డను మోకాళ్ల పైకి మడిచి కట్టుకుని దిగిన ఫొటో వచ్చింది. చూశావా ఎంత బాగుందో అని నేను గొప్పలు పోయాను.

ఇక ఈ ఏడు సంగతి. సుమియాతి ఒళ్లో పెరిగిన ఫహద్‌కు ఇప్పుడు పెళ్లయి మూడేళ్ల కూతురు దానా ఉంది. వేసవిలో కుటుంబమంతా బాలికి పోదామనుకున్నారు. ఫహద్ మాత్రం బాలి కంటే ముందు జోగ్జా అన్నాడు. చిన్నప్పుడు విన్న కోట చూడాలి, పొగ విడిచే కొండ చూడాలి, సుమీని చూడాలి అని పట్టుబట్టాడు. పిల్లను చూసుకోవడానికి సంజీవమ్మ కూడా రావాలని మామా చెప్పింది.

ఆ రోజు సంజీవమ్మ మొహం చూడాల్సింది. చెన్నై విమానం తప్ప ఇంకో విమానం ఎక్కని మనిషి. గ్యారేజీలోకి పరుగెత్తుకొచ్చి, "అన్నా, నేను సుమీ ఊరికి పోతాండా!" అని చెప్పి, సిగ్గుపడి మళ్లీ లోపలికి పరుగెత్తింది. అప్పటికప్పుడు సుమియాతికి ఫోన్‌లో కబురు పెట్టింది. ఆమె నుంచి జవాబు వచ్చింది. మాటల్లో సంతోషమంతా అయ్యాక చివర్లో ఒక ముక్క. ఆ గుడ్డ తెచ్చుకో సంజీ. మా అమ్మకు చూపు పోయింది. తను గీసినవాటిలో అదొక్కటే బాగా కుదిరిందని అంటుంది. నేను గల్ఫ్ నుంచి తిరిగొచ్చే రోజు కట్టుకోవాలని ఆర్నెల్లు కూర్చుని గీసి, సెలవుకు వచ్చినప్పుడు నా చేతికిచ్చింది. నేను నీకిచ్చానని చెప్తే సంతోషపడింది. ఒక్కసారి చేత్తో తడిమి చూస్తానంటోంది.

సంజీవమ్మ ఊరికి ఫోన్ చేసింది. నేను పక్కనే ఉన్నాను, బండి తుడుస్తున్నాను.

"ఇదో, సుమీ ఇచ్చిన నల్లపూల లుంగీ యాడుండాది?"

"యా లుంగీ మ్మే?" సిద్ధయ్య ఆలోచించాడు. "ఓ, అదా! బలే మెత్తన అది. నాలుగేండ్లు కట్టుకుంటి. తర్వాత కళావతి బిడ్డకు ఉయ్యాల ఏసినాం. మేకు తగులుకోని చినిగిపాయ. మా వదిన బొంతలో ఏసి కుట్టేసె. ఎందుకు?"

"ఏం లేదులే. ఊరికే అడిగితి," అని ఫోన్ పెట్టేసింది. పాత గుడ్డలు బొంతలో కుట్టడం మా వైపు తప్పు కాదు, అదే మర్యాద. సిద్ధయ్య తప్పేమీ లేదు. గుడ్డ లుంగీ అని తీర్పు చెప్పిన పెద్దమనిషి ఎవరో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఆమె ఆ మాట అనలేదు. అనుంటే నాకు కోపమన్నా వచ్చి బాగుండేది.

"ఆ ముసలామెకు ఏం చెప్పాలన్నా?" అంది.

అప్పుడు నేను రెండో తీర్పు చెప్పాను. "దీనికింత ఆలోచనేంది? అట్లాంటి గుడ్డలు ఆ ఊర్లో బజారు నిండా ఉంటాయి. ఒకటి కొని చేతిలో పెట్టు. ఆమెకు చూపు లేదు కదా."

"చూపు లేనామెను మోసం జేసేదా?"

"మోసం కాదు మ్మే. ముసలి ప్రాణానికి శాంతి."

ఆమె ఫోన్ కొంగులో చుట్టుకుని లోపలికి పోయింది. ఒప్పుకుందనుకున్నాను. సలహా ఇచ్చేవాడికి పోయేదేముంది?

జోగ్జాలో జరిగింది నేను చూడలేదు. వచ్చాక ఆమె చెప్పింది చెప్తున్నాను. మొదటి రోజు కోటకు పోయారు. దానాను చంకనెత్తుకుని, భుజాన సంచీ వేసుకుని మామా వెనకాల సంజీవమ్మ. సుమియాతి చెప్పిందంతా నిజమే. రాజు ఉన్నాడు, కోటలోనే ఉంటాడు. అయితే సంజీవమ్మ చూసింది రాజు సింహాసనాన్ని కాదు, రాజు పనివాళ్లను. తలకు గుడ్డ చుట్టుకుని, నడుముకు పూల గుడ్డ కట్టుకుని, వట్టి కాళ్లతో ముసలి మగవాళ్లు వరండాల్లో కూర్చుని ఉన్నారు. కొందరు ఊడుస్తున్నారు, కొందరు దీపాల గాజులు తుడుస్తున్నారు.

"మన మాదిరి పనోళ్లే అన్నా," అని చెప్పింది సంజీవమ్మ. "కానీ వాళ్ల కూర్చునే తీరు జూడాల. మామా పోతాంటే గూడా లెయ్యలా. పని జేసేది చిన్నతనమని వాళ్ల మొగంలో యాడా లేదు. నేను సంచీ దించి కాసేపు వాళ్లనే జూస్తా నిలబడితి."

అక్కడే ఒక పక్క వసారాలో ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని గుడ్డ మీద గీస్తున్నారు. చిన్న పొయ్యి మీద మైనం కాగుతోంది. చేతిలో కలం లాంటిది, దాని మొనకు రాగి ముక్కు. దాన్ని మైనంలో ముంచి, నోటితో ఊది, గుడ్డ మీద ఒక్కొక్క చుక్క పెడుతున్నారు. మైనం పడ్డచోట రంగు అంటదు. ఆపై రంగులో ముంచి, మైనం కరిగించి, మళ్లీ గీసి, మళ్లీ ముంచాలి. దానా బొమ్మ కావాలని ఏడుస్తుంటే ఊరుకోబెడుతూ సంజీవమ్మ చాలాసేపు చూసింది. అంతసేపట్లో ఒకామె గీసింది అరచేయంత మేర. సంజీవమ్మకు ఆ నల్ల గుడ్డ మీది పూలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఉయ్యాల, మేకు, బొంత కూడా గుర్తొచ్చాయి. దానాను కిందికి దించి గోడకు ఆనుకుందట.

అది తెలిశాక నిజం చెప్పే ధైర్యం రావాలి కదా. రాలేదు, ఉన్నది కూడా పోయింది. మరుసటి రోజు పొద్దున మామా వాళ్లు పెద్ద బజారులో బట్టలు చూస్తుంటే సంజీవమ్మ ఒక కొట్లో నల్లపూల గుడ్డ ఒకటి కొని సంచీ అడుగున పెట్టుకుంది. మిషను మీద అచ్చేసిన గుడ్డ. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఆ అడుసులోకి తోసిన నేను మాత్రం ఇక్కడ అబూ హలీఫాలో ఏసీ కింద కూర్చుని టీ తాగుతున్నాను.

సాయంత్రం సుమియాతి హోటలుకు వచ్చింది, స్కూటరు నడుపుకుంటూ. కువైట్‌లో ఏళ్ల తరబడి గేటు దాటాలంటే నా బండి ఎక్కాల్సిన మనిషి! ఫహద్ ఆమె నుదుటి మీద ముద్దు పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడట. మామా కూడా కళ్లు తుడుచుకుని, రేపు పొద్దున్నుంచి సాయంత్రపు అసర్ నమాజు దాకా సంజీని నీ ఇంటికి తీసుకుపో, పిల్లను మేం చూసుకుంటాం అని చెప్పింది. ఇరవై ఒక్క ఏళ్లలో మామా తనంతట తాను సంజీవమ్మకిచ్చిన మొదటి అరపూట అది.

గిరిలోయోలో కొండ కింద పెంకుటిల్లు. ముందు వసారాలో చాప. చాప మీద సుమియాతి తల్లి. ఎనభై దాటిన మనిషి, పిట్టంత ఉంది. టీ వచ్చింది, ఉడికించిన వేరుశనక్కాయలు వచ్చాయి. వాళ్ల ఇళ్లలో పెద్దవాళ్లు తాగమని చెప్పేదాకా గ్లాసు ముట్టకూడదట, సుమియాతి ముందే చెప్పింది. సంజీవమ్మ సంచీలోంచి గుడ్డ తీసి రెండు చేతులతో ముసలామె ఒళ్లో పెట్టింది.

ముసలామె బొటనవేలితో రుద్దింది. మడత విప్పి రెండో వైపు రుద్దింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత నెమ్మదిగా, ఏ మడత ఎట్లుందో అట్లే మడిచి పక్కన పెట్టి, బాగుంది అన్నట్టు ఒక మాట అని, టీ తాగమని చెయ్యి చూపించింది.

గండం గడిచింది. సంజీవమ్మ గ్లాసు ఎత్తింది. తాగకుండానే మళ్లీ కింద పెట్టింది. ముసలామె చెయ్యి చాచి ఆమె అరచేయి పట్టుకుంది. కాయలు కాచిన వేళ్లు, నూనె చిందిన మచ్చ, ఒక్కొక్కటీ తడుముతూ ఏదో అంటోంది. ఏమంటోందని సంజీవమ్మ అడిగింది. "మైనంతో పనిచేసే వాళ్ల చేతి మాదిరే ఉంది అంటోంది," అని సుమియాతి చెప్పింది.

"ఇంక నాతో కాలేదన్నా," అని చెప్పింది సంజీవమ్మ. "సుమీ, ఇది అబద్ధం, ఇది బజార్ గుడ్డ, అని చెప్పేస్తి. మీయమ్మ గుడ్డ లుంగీ అనుకుంటి. మొగుడు కట్టె, బిడ్డకు ఉయ్యాల ఏస్తిమి, చినిగిపోతే బొంత కుడితిమి. అంతా చెప్పేస్తి. అరబ్బీ రానిచోట తెలుగులోనే చెప్పేస్తి."

సుమియాతి వేరుశనక్కాయల పళ్లెం పక్కకు జరిపింది. ఆమెకు కష్టంగానే ఉండింది. మరి తను తిరిగొచ్చే రోజుకని తల్లి గీసిన గుడ్డ. అయినా ఒక్క ముక్క దాచకుండా అంతా తల్లికి చెప్పింది.

ముసలామె అంది, నాకు చేతికి రాగానే తెలిసింది, చేత్తో గీసిన గుడ్డకు మైనం వాసన పోదు, ఇది కొట్టు వాసన కొడుతోంది అని. మరి బాగుందని ఎందుకన్నావని సంజీవమ్మ అడిగించింది. సముద్రం దాటి వచ్చిన మనిషి రెండు చేతులతో పెడితే బాగాలేదని ఎట్లా అంటాను అంది ముసలామె.

తర్వాత అడిగింది. "మొగుడు కట్టాడు. బిడ్డ పడుకుంది. సరే. నువ్వెప్పుడు కట్టుకున్నావు?"

"నేను కట్టుకోలేదు."

"ఒక్కరోజు కూడా?"

"లేదు."

అప్పుడొచ్చింది కోపం ఆ ముసలామెకు. చినిగిందన్నప్పుడు రాలేదు, బొంత కుట్టారన్నప్పుడు రాలేదు, అబద్ధం గుడ్డ తెచ్చినప్పుడు రాలేదు. సంజీవమ్మ తొడ మీద ఫట్టున ఒకటి కొట్టింది. తన భాషలో గడగడా ఏదో అంది. సుమియాతి నవ్వుతూ, ఏడుస్తూ చెప్పింది. "నా కూతురు దాన్ని ఒక మనిషికిచ్చిందనుకున్నాను, అట్టపెట్టెకిచ్చిందని నాకు తెలియదు అంటోంది."

కూతురు పట్టుకోబోతే తోసేసి, ముసలామె గోడ తడుముకుంటూ లోపలికి పోయి ఒక గుడ్డ తెచ్చింది. నీలం మీద తెల్లని ఆకులు. సగం దాకా ఆకులు వెంట్రుకంత సన్నగా, వరసగా ఉన్నాయి. అక్కడి నుంచి గీత వంకర పోయింది. చుక్కలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. చివరికొచ్చేసరికి ఆకులు గాలికి కొట్టుకుపోయినట్టు ఎటుబడితే అటు ఉన్నాయి. చూపు పోతూ ఉండగా గీసిన గుడ్డ అది, అదే ఆఖరుది. ఎవరూ కొనలేదు, ఆమె కూడా అమ్మాలని చూడలేదు.

సంజీవమ్మను లేచి నిలబడమంది. చీర మీదుగానే ఆ గుడ్డ చుట్టింది. నడుము దగ్గర మడతలు వేళ్లతో కొలిచి కొలిచి పెట్టింది. సంజీవమ్మ రెండు చేతులూ పైకెత్తి నిలబడింది. ఇరవై ఒక్క ఏళ్లుగా ఫహద్‌కు, వాళ్ల చెల్లెళ్లకు, ఇప్పుడు దానాకు బట్టలు తొడిగిన మనిషి.

"మా యమ్మ పోయినాక నాకు బట్ట కట్టినోళ్లు లేరన్నా," అని నాతో చెప్పి, కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఆ మాట విన్నాక నేను బండి కింద ఏదో వెతుకుతున్నట్టు వంగి కూర్చున్నాను.

సంజీవమ్మ అదే గుడ్డతో హోటలుకు వచ్చింది. అదే కట్టుకుని బాలికి పోయింది, అదే కట్టుకుని కువైట్ విమానం దిగింది. వచ్చిన వారానికి శుక్రవారం అబూ హలీఫా సముద్రం ఒడ్డుకు కట్టుకుని వచ్చింది. శుక్రవారం పొద్దున అక్కడ మా ఆడవాళ్లు పది మంది చేరతారు. "ఏం సంజీవమ్మా, మొగుడి లుంగీ కట్టుకొస్తివా?" అని ఒకామె అంది, అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. "ఆ గుడ్డ గీసిన చేతుల గురించి తెలిస్తే నోరు లేవదు మీకు," అని కేకలేశాను. వాళ్లు ఇంకా నవ్వారు. నిజానికి వాళ్లు అన్న మాట మొదట అన్నది నేనే కదా, ఆ మంట వాళ్ల మీద చూపించాను. సంజీవమ్మ మాత్రం నవ్వి ఊరుకుంది.

అంతలో సిద్ధయ్య వీడియో ఫోన్ చేశాడు. ఆమె చెప్పింది, ఊరు, కోట, పొగ విడిచే కొండ, గుర్రపుబళ్లు, ముసలామె కొట్టిన దెబ్బ, అన్నీ. ఆయన గొర్రెల వెంట నడుస్తూ వింటున్నాడు. మధ్యలో ఆగి ఫోన్‌లోకి కళ్లు చిట్లించి చూశాడు.

"బాగుండాదే ఆ నీలం లుంగీ. ఈ తూరి పెట్టెలో ఏసినావా?"

అడగడంలో ఆయన తప్పు లేదు. ఇరవై ఒక్క ఏళ్లుగా ఆమె చేతికొచ్చినవన్నీ ఆ పెట్టెలోనే పోయాయి. అక్కడున్న ఆడవాళ్లు కూడా దాన్ని వింత ప్రశ్నగా అనుకోలేదు. సంజీవమ్మ రెండు చేతులతో నడుము దగ్గర మడతలు పట్టుకుంది.

"ఏయను," అంది. "ఇది నాది."

అంత చిన్న మాట. పది మంది ఆడవాళ్లూ నవ్వడం ఆపేశారు. ఫోన్‌లో గొర్రెల అరుపులు తప్ప ఏమీ వినబడలేదు. సిద్ధయ్యకు కోపమొచ్చిందేమో, ఫోన్ పెట్టేశాడేమో అని నేను తొంగి చూశాను. పెట్టలేదు. మా వైపే చూస్తున్నాడు.

"సరే మ్మే," అన్నాడు. "అట్లయితే లేచి నిలబడు, జూస్తా. ఫోన్ హుసేనుకియ్యి."

నా చేతికిచ్చి లేచి నిలబడింది. నేను ఫోన్ ఆమె వైపు తిప్పి పట్టుకుని వెనక్కి జరిగాను. "మొగమే కనపడ్తాండాది హుసేనూ, ఇంకా వెనక్కి పో," అన్నాడు సిద్ధయ్య. ఇంకో నాలుగడుగులు పోయాను. "మోకాళ్ల దాకా కనపడ్తాండాది. అంచు కనపడల్యా. పో, ఇంకా పో." నా వెనక సముద్రం. చెప్పులతోనే నీళ్లలోకి దిగి, పాదాల దాకా మనిషి మొత్తం కనపడే వరకు వెనక్కి పోయి, ఫోన్ కదలకుండా పట్టుకుని నిలబడ్డాను.